సంత తెరిచారు, సరే
(2021 ఫిబ్రవరి, మండల రైతుల సభలో చేసిన ప్రసంగం)



చాన్నాళ్లకు ఒక షామియానా కింద కూర్చున్నాం. సంత జరుగుతోంది, పిల్లలు బడికి పోతున్నారు. మాస్కులు గడ్డం కిందికి దిగాయి. (పైకి లాక్కోండి, రోగం ఇంకా పోలేదు.) వేప చిగురేసింది, శనగ కోతకొచ్చింది. అంతా మామూలే అయిందంటున్నారు.

ఏది మామూలైంది? కూరగాయల గంపతో పట్నం చేర్చే పాసింజరు బండి ఇంకా తిరగడం లేదు. ఆటోకిచ్చాక మిగిలేదేముంది? పోయిన వేసవిలో కొనేవాళ్లు లేక అరటి గెలలు చెట్టునే మాగిపోయాయి. ఆ తోటకు తెచ్చిన అప్పుకు మాత్రం లాక్‌డౌన్ లేదు, వడ్డీ నడుస్తూనే ఉంది.

పదిమందిమి కూడటానికి వీల్లేని రోజుల్లో, 2020 జూన్ 5న, మూడు ఆర్డినెన్సులు తెచ్చారు. సెప్టెంబరులో చట్టాలు చేశారు. అదను చూసి తెచ్చారంటాను నేను. ఢిల్లీ చలిలో రైతులు కూర్చున్నాక జనవరి 12న సుప్రీంకోర్టు అమలు ఆపింది. ఆపింది, అంతే. రద్దు కాలేదు.

ఇప్పుడు మన ముందున్నది శనగ. మద్దతు ధర క్వింటాలుకు 5,100 రూపాయలు. వ్యాపారి కల్లంలోకొచ్చి 'కరోనా కదా, గిరాకీ లేదు' అని తగ్గించి అడుగుతాడు. తొందరపడి కాటా పెట్టించకండి. పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకం జిరాక్సులతో రైతు భరోసా కేంద్రంలో పేరు రాయించండి. కౌలు కార్డు లేదని ఎవరినైనా తిప్పి పంపితే ఒంటరిగా ఇంటికి పోవద్దు, మన సంఘానికి కబురు చేయండి. సోమవారం అందరం కలిసే ఆ ఆఫీసుకు పోదాం.