హార్డ్ డిస్క్‌కు వైరస్ పట్టినప్పుడు ఏ మందు వేయాలి?

(మన సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం. కార్యదర్శి గారి కోరికపై ప్రత్యేక సంచిక కొరకు వ్రాసి ఇచ్చినది.)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి మాట్లాడుకోవలసిన వేదిక మీద ఈయన కంప్యూటర్ వైరస్‌ల గోల ఎత్తుకున్నాడేమిటని కొందరు అనుకోవచ్చు. నేను ఇంజనీరును కాను. ముప్పైనాలుగేళ్లు లెడ్జర్లు, వోచర్లు తిరగేసిన మనిషిని. నాకు తగిలిన దెబ్బ మీకు తగలకూడదని, నేర్చుకున్న నాలుగు ముక్కలు మనవి చేయడానికే నిలబడ్డాను.

మా ఆవిడ కాలం చేసి మూడేళ్లయింది. ఆమె పాడిన మంగళహారతులు, పెళ్లిపాటలు మా అబ్బాయి ఎప్పుడో ఫోన్‌లో రికార్డు చేసి, ఒక టెరాబైట్ హార్డ్ డిస్క్‌లో వేసి ఇచ్చాడు. మా పెళ్లి ఫోటోలు, నా పి.పి.ఓ. కాపీ, ఇంటి దస్తావేజుల స్కాన్‌లు, మన సంఘం పాత సంచికలు కూడా అందులోనే ఉన్నాయి. రెండో కాపీ ఎక్కడా లేదు. పోయిన నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ హడావిడిలో ఏవో ప్రింట్లు కావలసి వచ్చి, పెన్ డ్రైవ్ కనబడక, ఆ హార్డ్ డిస్క్‌నే జేబులో వేసుకుని జిరాక్స్ షాపుకు వెళ్లాను. అక్కడి కంప్యూటర్‌కు రోజూ ఎంతమంది పెన్ డ్రైవ్‌లు తగిలిస్తారో ఆలోచించలేదు.

ఇంటికి వచ్చి చూస్తే ప్రతి ఫోల్డర్ బొమ్మ మూలా చిన్న బాణం గుర్తు ఉంది. నొక్కితే ఒక నల్లటి కిటికీ తళుక్కుమని మాయమై, తరువాత ఫోల్డర్ తెరుచుకునేది. తెరుచుకుంటోంది కదా అని రెండు రోజులు వాడాను. మూడో రోజు ఏదీ తెరుచుకోలేదు. మళ్లీ షాపుకు పరుగెత్తాను. "ఫార్మాట్ కొట్టాల్సిందే సార్, ఐదు వందలు అవుతుంది" అన్నాడు అక్కడి అబ్బాయి. ఫార్మాట్ అంటే పలక తుడిచినట్లు తుడిచెయ్యడమని నాకు తెలియదు. డిస్క్ చేతికి ఇచ్చేశాను కూడా. ఎందుకో మనసొప్పక హైదరాబాదులో చదువుకుంటున్న మా మనవరాలికి ఫోన్ చేశాను.

"తాతయ్యా, ముందు అది వెనక్కి తీసుకో. డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ఎంత నిండి ఉందో చూసి చెప్పు" అంది. 412 గిగాబైట్లు నిండి ఉన్నట్లు చూపించింది. "అయితే అమ్మమ్మ పాటలు ఎక్కడికీ పోలేదు, దాక్కున్నాయంతే. సంక్రాంతికి వస్తాను, అందాకా దాన్ని దేనికీ తగిలించకు" అంది. సోదరులారా, ఇవాళ నేను చెప్పేదంతా మరిచిపోయినా ఈ ఒక్కటి గుర్తుంచుకోండి. ఫైళ్లు కనబడనప్పుడు మొదట చూడవలసింది డిస్క్ ఎంత నిండి ఉన్నదన్నదే. నిండి ఉంటే సరుకు లోపలే ఉన్నదన్నమాట.

జరిగిందేమిటంటే, ఈ జాతి వైరస్ మన ఫోల్డర్లన్నిటికీ ‘కనబడకు’ అనే గుర్తు వేస్తుంది. కొన్ని రకాలైతే అన్నిటినీ పేరులేని ఒక ఫోల్డర్‌లోకి నెట్టి దాన్ని దాచేస్తాయి. తరువాత అవే పేర్లతో దొంగ షార్ట్‌కట్లు పెడుతుంది. మనం ఆ షార్ట్‌కట్ నొక్కితే ముందు వైరస్ నడుస్తుంది, ఆ వెంటనే అసలు ఫోల్డర్ తెరుచుకుంటుంది. అందుకే మనకు అనుమానం రాదు. వెనుక విండోస్ ఎక్స్‌పి రోజుల్లో నొక్కవలసిన పని కూడా ఉండేది కాదు. పెన్ డ్రైవ్ తగిలించగానే ఆటోరన్ అనే ఏర్పాటు వల్ల దానంతటది నడిచేది. 2008లో ప్రపంచాన్ని ఊపేసిన కాన్‌ఫికర్ ఈ దారిని కూడా వాడుకుంది. విండోస్ 7లో పెన్ డ్రైవ్‌ల ఆటోరన్‌కు కళ్లెం వేశారు, 2011లో పాత విండోస్‌లకు కూడా ఆ సవరణ పంపారు. అప్పటినుంచి మన చేతనే నొక్కించే షార్ట్‌కట్ ఉపాయం ఎక్కువయింది. 2021లో బయటపడిన రాస్ప్‌బెర్రీ రాబిన్ కూడా ఇలా షార్ట్‌కట్ రూపంలో పెన్ డ్రైవ్‌ల మీద వచ్చిందే. కాబట్టి ఇది పాతకాలపు జబ్బు, పోయిందిలే అనుకోవద్దు.

సంక్రాంతి దాకా ఆగమంటే నేను ఆగానా? ఆగలేదు. నా పాత కంప్యూటర్‌లోనే, ఇంటర్నెట్‌లో వెతకగా మొట్టమొదట వచ్చిన ప్రకటన నొక్కాను. ఉచితం అన్నారు. పది నిమిషాలు గిరగిర తిరిగి 1,186 సమస్యలు ఉన్నాయని ఎర్ర అక్షరాలతో చూపించి, తొలగించాలంటే 2,999 రూపాయలు కట్టమంది. చూడడం ఉచితం, తీయడానికి రుసుము! ఆడిట్‌లో పనిచేసినవాడిని కనుక అనుమానం వచ్చి కట్టలేదు. కానీ అంతటితో ఊరుకోక, మరొకరు చెప్పిన ఇంకో సాధనం తెచ్చాను. అది అసలైనదే, కానీ మహా దూకుడు మనిషి. అది చూపిన జాబితా చదవకుండా ‘అన్నీ డిలీట్’ నొక్కాను. వైరస్‌తో పాటు, మన సంచిక పాత ప్రతులు టైపు చేసిన తెలుగు ఫాంట్ల ప్రోగ్రాం కూడా పోయింది. పాతది, ఇప్పుడు దొరకనిది. అది లేక ఆ సంచికల ఫైళ్లు తెరిస్తే అక్షరాల బదులు పిచ్చిగీతలు కనబడుతున్నాయి. ఈ విషయం కార్యదర్శి గారికి ఇవాళ్టి దాకా చెప్పలేదు, ఇక్కడే క్షమాపణ చెప్పుకుంటున్నాను. (నవ్వులు)

‘క్వారంటైన్’ అనే మాట 2020 తరువాత మనలో ఎవరికీ కొత్త కాదు. ఈ సాధనాలలోనూ ఆ ఏర్పాటు ఉంటుంది. అనుమానం ఉన్న ఫైలును చంపకుండా విడి గదిలో పెడతారు. పొరపాటైతే మళ్లీ బయటకు తీయవచ్చు. నేను డిలీట్ బదులు అది నొక్కి ఉంటే ఆ ప్రోగ్రాం దక్కేది. అందుచేత సాధనం ఎంచుకునేటప్పుడు నా మొదటి ప్రశ్న, ఇందులో క్వారంటైన్ ఉందా, దేన్ని తీస్తున్నదో పేరు పేరునా చూపిస్తుందా అని. రెండో ప్రశ్న, నేను కోరిన డ్రైవ్‌ను మాత్రమే చూడమని చెప్పే వీలున్నదా అని. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ కాదు. చాలా సాధనాలలో ‘క్విక్ స్కాన్’ అంటే కంప్యూటర్‌లో వైరస్ సాధారణంగా దాగే చోట్లు మాత్రమే చూస్తుంది, బయట తగిలించిన డిస్క్ జోలికి పోదు. ‘ఏ ముప్పూ లేదు’ అని పచ్చగా చూపిస్తే, మన డిస్క్ శుభ్రంగా ఉందనుకుని మోసపోతాము.

సంక్రాంతికి మా మనవరాలు తన లాప్‌టాప్‌తో వచ్చింది. వచ్చీ రాగానే అడిగిన మాట: "నీ కంప్యూటర్ సంగతేమిటి తాతయ్యా?" నాది విండోస్ 7. దానికి మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14తోనే రక్షణ సవరణలు ఆపేసింది. అందులోని యాంటీవైరస్ చందా కూడా ఎప్పుడో అయిపోయింది. నేను రెండు రోజులు ఆ షార్ట్‌కట్లు నొక్కాను కనుక జబ్బు కంప్యూటర్‌కు కూడా అంటింది. ఇల్లు శుభ్రం చేయకుండా పిల్లవాడికి స్నానం చేయిస్తే ఏమి లాభం? డిస్క్‌ను ఎన్నిసార్లు కడిగినా, తగిలించగానే మళ్లీ అంటుతుంది. అందుకని డిస్క్ పని ఆమె లాప్‌టాప్‌లోనే చేశాము. ఇంకా విండోస్ 10 వాడుతున్నవారు కూడా గమనించండి, దానికీ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది.

ఆమె డబ్బు పెట్టి ఏదీ కొనలేదు. విండోస్ 8 నుంచీ పూర్తి స్థాయి యాంటీవైరస్ విండోస్‌లోనే వస్తోంది, పేరు డిఫెండర్. మొదట దాన్ని అప్‌డేట్ చేసింది. పాత జాబితాతో వెతికితే కొత్త దొంగ దొరకడు. తరువాత డిస్క్ తగిలించి, లోపలి బొమ్మలు ఒక్కటీ నొక్కకుండా, డ్రైవ్ పేరు మీద రైట్ క్లిక్ చేసి డిఫెండర్‌తో స్కాన్ చేయమంది. రాత్రి తొమ్మిదికి పెడితే తెల్లవారుజాము దాకా నడిచింది. నిద్ర పట్టక మధ్యలో రెండుసార్లు లేచి చూశాను.

ఆ తరువాత ఇంకో డాక్టరు అభిప్రాయం అన్నట్లుగా రెండో సాధనంతో చూసింది. ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. ఎప్పుడూ కాపలా కాసే యాంటీవైరస్ కంప్యూటర్‌కు ఒక్కటే ఉండాలి. రెండు పెడితే ఒకదాన్నొకటి అనుమానించి కంప్యూటర్‌ను కదలనివ్వవు. కానీ పిలిచినప్పుడు వచ్చి చూసి వెళ్లేవి ఎన్నయినా వాడవచ్చు. మైక్రోసాఫ్ట్ వారిదే సేఫ్టీ స్కానర్ అని ఒకటి ఉచితంగా ఉన్నది. దించుకున్న పది రోజులకు దాని గడువు తీరిపోతుంది, మళ్లీ కావాలంటే కొత్తది దించుకోవాలి. పాత జాబితాతో వెతక్కుండా అదొక మంచి కట్టుబాటు. స్లొవేకియా దేశపు ఈసెట్ కంపెనీ ఆన్‌లైన్ స్కానర్, అమెరికా వారి మాల్‌వేర్‌బైట్స్ ఉచిత రకం కూడా ఈ పద్ధతివే. మాల్‌వేర్‌బైట్స్ మొదట పద్నాలుగు రోజులు పూర్తి రకం రుచి చూపిస్తుంది, తరువాత డబ్బు కట్టకపోయినా స్కాన్ చేయడం, తీయడం పనిచేస్తూనే ఉంటాయి. నెలనెలా విండోస్‌తో వచ్చే ‘మాలిషియస్ సాఫ్ట్‌వేర్ రిమూవల్ టూల్’ పేరు చూసి అదొక్కటే చాలనుకోకండి, అది పేరుమోసిన కొన్ని రకాలను మాత్రమే పట్టుకుంటుంది.

మన ప్రభుత్వం కూడా ఈ పని చేస్తోందని చాలామందికి తెలియదు. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ఐ.టి. శాఖ కింద సెర్ట్-ఇన్ సంస్థ ‘సైబర్ స్వచ్ఛతా కేంద్ర’ ప్రారంభించింది. పుణే క్విక్ హీల్ వంటి మన దేశపు కంపెనీల తొలగింపు సాధనాలు అందులో ఉచితంగా ఇస్తారు.

ఏది మంచిదో ఎవరిని అడగాలి? ఎదురింటి కుర్రవాడిని, ప్రకటనను మాత్రం కాదు. జర్మనీలో ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలో ఏవీ-కంపారిటివ్స్ అనే పరీక్షా సంస్థలు ఎన్నో కంపెనీల సాధనాలను వరుసగా పరీక్షించి ఫలితాలు ఉచితంగా ప్రకటిస్తాయి. అందులో వైరస్ పట్టిన లెక్కతో పాటు, మంచి ఫైలును వైరస్ అని పొరబడ్డ లెక్క కూడా ఇస్తారు. నా ఫాంట్ల కథ విన్నారు కదా, ఆ రెండో లెక్క తప్పక చూడండి. ఎంచుకున్నాక తయారు చేసిన కంపెనీ సొంత చిరునామా నుంచే దించుకోవాలి.

శుభ్రమయ్యాక కూడా ఫైళ్లు కనబడవు. వైరస్ పోయినా అది వేసిన ‘కనబడకు’ గుర్తు అలాగే ఉంటుంది. చాలామంది ఇక్కడే నిరాశపడి ఫార్మాట్ కొట్టిస్తారు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఒక్క వరుస టైపు చేయాలి, వ్రాసుకోండి: ఏ టి టి ఆర్ ఐ బి, ఖాళీ, మైనస్ హెచ్, ఖాళీ, మైనస్ ఆర్, ఖాళీ, మైనస్ ఎస్, ఖాళీ, స్లాష్ ఎస్, ఖాళీ, స్లాష్ డి, ఖాళీ, తరువాత మీ డ్రైవ్ అక్షరం, కోలన్, వెనక్కి వాలిన స్లాష్, నక్షత్రం, చుక్క, నక్షత్రం. ఎంటర్ కొట్టాక నాలుగైదు నిమిషాలలో మా ఫోల్డర్లు ఒక్కొక్కటీ బయటకు వచ్చాయి. మిగిలిన దొంగ షార్ట్‌కట్లు తీసేశాము. మొదట తెరిచింది ఏదో మీకు చెప్పనక్కరలేదు. వంటింట్లో ఉన్న మా కోడలు ఆ గొంతు విని చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

అన్ని జబ్బులకూ ఈ మందు కాదు. ఫైళ్లు కనబడుతూ, పేర్ల చివర ఏదో వింత తోక చేరి, డబ్బు కట్టమని చీటీ ఉంటే అది రాన్సమ్‌వేర్. 2017 మేలో వానాక్రై పేరుతో మన ఆంధ్ర పోలీసు శాఖ కంప్యూటర్లను కూడా తాకింది ఆ జాతే. యాంటీవైరస్ దొంగను తరుముతుంది గానీ వాడు వేసిన తాళం తీయలేదు. నెదర్లాండ్స్ పోలీసులు, యూరోపోల్ మరికొందరితో కలిసి 2016లో పెట్టిన ‘నో మోర్ రాన్సమ్’ అనే ఏర్పాటులో కొన్ని రకాలకు తాళంచెవులు ఉచితంగా ఇస్తారు, అన్నిటికీ కాదు. డబ్బు కట్టవద్దు, 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. డిస్క్ తగిలించగానే టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంటే మాత్రం అది వైరస్ కాదు, యంత్రం పాడవుతోంది. అప్పుడు గంటల తరబడి స్కాన్ పెడితే ఉన్న ప్రాణమూ పోతుంది. వెంటనే తీసి, డేటా రికవరీ తెలిసినవారికి చూపించాలి.

ఇక ఫార్మాట్. అది ఎప్పుడూ వద్దని కాదు. అన్నీ వేరే చోటికి కాపీ చేసుకున్నాక, చివరి పనిగా చేయవచ్చు. మేమూ అదే చేశాము. ఫోటోలు, పాటలు, కాగితాలు మాత్రమే కొత్త డిస్క్‌లోకి ఎక్కించి, పాతదాన్ని తుడిచి, మళ్లీ నింపాము. ఇప్పుడు రెండు డిస్క్‌లున్నాయి. ఒకటి మా ఇంట్లో, రెండోది మా అమ్మాయి వాళ్ల ఇంట్లో. జిరాక్స్ షాపుకు మాత్రం ఖాళీ పెన్ డ్రైవ్‌లో కావలసిన ఒక్క కాగితం వేసుకుని వెళ్తున్నాను.

మధ్యాహ్నం భోజనాల తరువాత వెనుక గదిలో లాప్‌టాప్‌తో కూర్చుంటాను. మా మనవరాలు కూడా వచ్చింది. డిస్క్ తెచ్చినవారు దాని కేబుల్ కూడా వెంట తీసుకురండి. ఆ పాత తెలుగు ఫాంట్ల ప్రోగ్రాం సి.డి. ఎవరి బీరువాలోనైనా ఉంటే దయచేసి నాకు కబురు చేయండి.