‘ఫోర్త్ ఫ్లోర్’లో రకారం

ఎవరి పేరున ఈ ఉపన్యాస నిధి ఏర్పడిందో ఆ మాస్టారు ఉచ్చారణ దగ్గర పట్టుదల గల మనిషి. అయినా ఒక పిల్లవాడి పలుకు విని తరగతంతా నవ్వడాన్ని ఆయన ఒప్పుకునేవారు కాదు. ఆ రెండు గుణాలూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో అర్థం చేసుకోవాలంటే ఇంగ్లీషువాళ్ల ఇంగ్లీషునే కాస్త దగ్గరగా వినాలి. ఇవాళ ఒక్క రకారం గురించే మాట్లాడతాను.

‘రోడ్’ అనే మాటలో ర అందరి నోటా ఉంది. ‘కార్’, ‘ఫార్మ్’, ‘వాటర్’ దగ్గరే తేడా. ఇంగ్లండ్‌లో నైరుతి జిల్లాల ముసలి రైతు ఆ ర స్పష్టంగా పలుకుతాడు. లండన్ చదువరి పలకడు. స్కాట్లండ్, ఐర్లండ్ పలుకుతాయి. చికాగో పలుకుతుంది. బోస్టన్ పాతకాపుల నోట అది ‘కా’ మాత్రమే.

ఒకప్పుడు ఇంగ్లండ్ అంతా పలికిన ర అది. 18వ శతాబ్దం చివరికి లండన్ ప్రాంతంలో జారిపోయింది. లండన్‌తో ఓడల రాకపోకలు, పెద్దింటి సంబంధాలు ఉన్న బోస్టన్, న్యూయార్క్, చార్ల్‌స్టన్ రేవులు ఆ కొత్త పలుకును అందిపుచ్చుకున్నాయి. స్కాచ్-ఐరిష్ వలసదారులు ఎక్కువగా దిగిన ఫిలడెల్ఫియా మాత్రం పాత రకారాన్ని వదల్లేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో గాలి తిరిగింది. ర పలకడమే చదువుకున్నవాళ్ల లక్షణమైంది. అంటే ఒకే శబ్దం అట్లాంటిక్‌కు ఒక ఒడ్డున మొరటు, రెండో ఒడ్డున నాగరికం. మొరటుతనం ఆ శబ్దంలోనే ఉంటే రెండు ఒడ్డుల్లోనూ ఉండాలి కదా!

దీన్ని అంగడి నేల మీద నిరూపించినవాడు విలియం లబోవ్. అంతకుముందు సిరాల తయారీలో రసాయన నిపుణుడిగా పనిచేసి, భాషాశాస్త్రం వైపు వచ్చిన మనిషి. 1962లో కొలంబియా విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉండగా న్యూయార్క్‌లో మూడు పెద్ద దుకాణాలు ఎంచుకున్నాడు. ధనవంతుల సాక్స్, మధ్యతరగతి మేసీస్, చవక బేరాల క్లైన్స్. నాలుగో అంతస్తులో ఏ సరుకు దొరుకుతుందో ముందే చూసుకుని, అది ఎక్కడుందని గుమాస్తాను అడిగేవాడు. ‘ఫోర్త్ ఫ్లోర్’ అని జవాబు. రెండు మాటలు, రెండు రకారాలు. వినపడనట్టు ముందుకు వంగి మళ్లీ అడిగేవాడు. ఈసారి గుమాస్తా ఒత్తి పలికేవాడు. లబోవ్ పక్కకు తప్పుకుని కంటబడకుండా పుస్తకంలో రాసుకునేవాడు. మాట్లాడిన మనిషికి పరీక్ష జరుగుతోందన్న ఊహే లేదు. కాబట్టి దొరికింది నిజమైన పలుకు. నాకు తెలిసిన పరిశోధనల్లో ఇంత తక్కువ సరంజామాతో ఇంత చెప్పింది మరొకటి లేదు.

అలా 264 మంది. ఒక్కసారైనా ర వినిపించినవాళ్లు సాక్స్‌లో నూటికి 62, మేసీస్‌లో 51, క్లైన్స్‌లో సుమారు 20. అందరూ ఒకే ఊరివాళ్లు, ఒకే రకం కొలువు. కొనేవాళ్ల హోదా అమ్మేవాళ్ల నాలుక మీదికి ఎక్కిందన్నమాట. మేసీస్ గుమాస్తాలు రెండోసారి ఒత్తి చెప్పేటప్పుడు రకారం బాగా పెరిగింది. సాక్స్‌లో పెద్ద మార్పు లేదు. ఏది గొప్ప పలుకో మధ్యతరగతి మనిషికి తెలుసు, ఎవరైనా చూస్తున్నారనిపిస్తే దాన్ని అందుకోవడానికి మెడ చాస్తాడు. మన ఇళ్లలో ఈ దృశ్యం చూడనివాళ్లు ఉన్నారా?

ఇది వేడుక కబురుతో ఆగేది కాదు. లబోవ్ శిష్యుల్లో ఒకరైన జాన్ బా శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో అద్దె ఇళ్ల యజమానులకు ఫోన్ చేశాడు. ఒకే మనిషి, ఒకే ప్రశ్న, మూడు యాసలు: నల్లజాతివాళ్లది, మెక్సికన్ మూలాలవాళ్లది, తెల్లవాళ్ల ప్రామాణికమనేది. తెల్లవాళ్లు ఎక్కువగా ఉన్న పేటల్లో మొదటి రెండు యాసలకూ ఇల్లు చూడ్డానికి రమ్మన్న పిలుపులు బాగా తగ్గాయి. 1999లో సహచరులతో కలిసి అచ్చువేసిన ఆ పత్రంలో ఇంకో సంగతి ఉంది: ఒక్క ‘హలో’ విని నూటికి 70 మందికి పైగా యాసను గుర్తుపట్టారు. ముఖం చూడకుండానే తలుపు వేసెయ్యడానికి రెండక్షరాలు చాలు. ఫోన్‌లో ఉద్యోగం చేసే మన పిల్లలు ఎందుకు గొంతు మార్చుకుంటున్నారో నాకు వేరే వివరణ అక్కర్లేదు. వాళ్లను వెక్కిరించే హక్కు మనకు లేదు.

పలుకును బట్టి మనిషిని తూచడమే కాదు, ఇంగ్లీషువాళ్లు తమ పల్లె పలుకును భద్రపరచుకున్నారు కూడా. లీడ్స్‌లో హెరాల్డ్ ఆర్టన్ నడిపిన మాండలిక సర్వే 1950 నుంచి 1961 దాకా 313 ఊళ్లు తిరిగింది. జవాబు చెప్పినవాళ్లలో ఎక్కువమంది ముసలి రైతులే. మనకూ ఆ పుణ్యం ఉంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి వచ్చిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు రైతుల దగ్గర మాటలు సేకరింపజేసి, వ్యవసాయ వృత్తిపదకోశాన్ని 1962లోనే తెచ్చారు. న్యూయార్క్ దుకాణాల్లో లబోవ్ తిరిగిన ఏడే అది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక ప్రతిపాదన. ఈ నిధి వడ్డీలో కొంత భాగంతో మన పిల్లల ఇంగ్లీషును రికార్డు చేయిద్దాం. ఇచ్ఛాపురంలో, మదనపల్లెలో, బోధన్‌లో, భద్రాచలంలో. ‘ఎగ్’ని ‘యెగ్’ అనేవాళ్లు, ‘జూ’కీ ‘జూన్’కీ ఒకే జకారం వాడేవాళ్లు ఎక్కడెక్కడున్నారో రాసుకుందాం. చదివించొద్దు, చదివిస్తే పిల్లలు జాగ్రత్తపడతారు. కోడిగుడ్డు బొమ్మ చూపించి ఇదేమిటని అడగండి. మార్కులు మాత్రం వెయ్యకండి.