కొలిచే పద్ధతినీ కొలవాలి
(నెల్లూరు తీరంలో రొయ్యల షెడ్లలో పనిచేసే స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1990ల మొదట్లో మన తీరంలో రొయ్యల చెరువులు పెరిగాయి. వాటితోపాటే తలలు తీసి, పొట్టు వలిచే పని మన చేతికొచ్చింది. ఐసు నీళ్లలో తడిసిన వేళ్లతో గంటల తరబడి నిలబడి చేసే పని ఇది. మణికట్టు నొప్పి అంటే ఇంటిపని వల్లేమో, వయసు వల్లేమో అంటారు. నిపుణులొచ్చి మన పనికి మార్కులు వేస్తే ఆ మార్కులే సాక్ష్యమవుతాయి. అందుకే వాటి గురించి మాట్లాడతాను.

పనిని మనిషి ఒంటికి తగ్గట్టు అమర్చే శాస్త్రాన్ని ఎర్గోనామిక్స్ అంటారు. అందులో ఒక పద్ధతి రూలా. ఇంగ్లండులో మెకాటమ్నీ, కార్లెట్ 1993లో ప్రచురించారు. మెడ, నడుం, చేతులు ఎంత వంగాయో చూసి 1 నుంచి 7 దాకా మార్కు వేస్తారు. 7 వస్తే పనితీరు వెంటనే మార్చాలి. ఇంకొకటి ఓవాస్. 1977 నాటిది, ఫిన్లాండు ఉక్కు పరిశ్రమలో పుట్టింది.

ఏ పద్ధతినైనా రెండు ప్రశ్నలు అడగాలి. ఇద్దరు విడివిడిగా చూసినా అదే మార్కు వస్తుందా? ఇది నిలకడ. ఆ మార్కు మన ఒంటికి జరిగే హానిని నిజంగా చెబుతుందా? ఇది ప్రామాణికత. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు. 10 కిలోల రొయ్యను ప్రతిసారీ 9 కిలోలుగా చూపే కాటాకు నిలకడ ఉంది. కిలో లెక్కన కూలి తీసుకునేవాళ్లకు మాత్రం అది అన్యాయమే.

ఓవాస్ నడుం, చేతులు, కాళ్లు, బరువు చూస్తుంది. మణికట్టును చూడదు. రూలా మణికట్టును చూస్తుంది. కానీ చెయ్యి నిమిషానికి 5 సార్లు ఆడినా, 40 సార్లు ఆడినా అదనంగా కలిపేది ఒకే మార్కు. ఐసు చలికి అసలు మార్కే లేదు. కాబట్టి తక్కువ మార్కు వచ్చినంత మాత్రాన పని క్షేమమని కాదు.

మరి పరీక్షించడం ఎలా? పనిని వీడియో తీసి ఇద్దరిచేత విడివిడిగా మార్కులు వేయించాలి. ఎక్కువ మార్కు వచ్చిన పనిలో నొప్పులూ ఎక్కువున్నాయా అని పోల్చాలి. ఇందుకు 1987 నాటి నార్డిక్ ప్రశ్నావళి ఉంది. ఒంట్లో 9 చోట్ల, గత ఏడాదిలో, గత వారంలో నొప్పి వచ్చిందా అని అడుగుతుంది. దాన్ని తెలుగులో, సూపర్‌వైజరు లేనిచోట అడగాలి. నొప్పి భరించలేక మానేసినవాళ్ల ఇళ్లకూ వెళ్లాలి. షెడ్డులో మిగిలేది తట్టుకున్నవాళ్లే. వాళ్లనే లెక్కిస్తే ప్రమాదమైన పని కూడా తేలిగ్గా కనబడుతుంది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి వ్యాధుల జాబితాలో, చేతిని పదేపదే ఆడించడం వల్ల మణికట్టు దగ్గర వచ్చే స్నాయువు వాపు ఉంది. మన నొప్పికి అక్కడ పేరుంది. కనుక సర్వేకు వచ్చినవారిని అడుగుదాం: ఈ పద్ధతిని ఇలాంటి పనిలో పరీక్షించారా? ఇద్దరి మార్కులూ కలిశాయా? మానేసినవాళ్లతో మాట్లాడారా? ఫలితాల కాగితం తెలుగులో మా చేతికిస్తారా?