చేవను అరువు తెచ్చుకొనుట



కాలువగట్టున నున్న పాతయింటి ద్వారబంధమును వ్రేలి కణుపుతో తట్టిచూచినవారు మీలో ననేకులుందురు. పైరంగు చెక్కుచెదరకుండును; లోపల మాత్రము బోలుగా మ్రోగును; గోటితో గీఱగనే కాగితమువంటి పొర తొలగి చెమ్మమట్టి రాలును. అది చెదల పని. పుట్టలు పెట్టు చెదలు తాము నమిలి విసర్జించిన కొయ్యపిప్పిపై బూజును సాగుచేసికొని దానిని భుజించును. తొలకరి పిమ్మట పుట్టలపై లేచు పుట్టగొడుగులు ఆ సేద్యపు ఫలములే.

దూలము కొనునపుడు వడ్రంగి మొదట చూచునది చేవ. టేకు మ్రాను నడుమనున్న ముదురు చెక్కలో చెదలకు గిట్టని క్వినోను ద్రవ్యములుండును. చుట్టునున్న తెల్లచెక్కలో నవి లేకపోవుటచే చెద ముందుగా దానినే పట్టును. అట్టి చేవ లేని కొయ్యను ఓషధీరసములచే కాచుట యనగా, ఒక వృక్షము ఆత్మరక్షణకై కూర్చుకొన్న సారమును వేఱొక వృక్షమునకు అరువు తెచ్చుటయే. వేపగింజలనుండి 1968లో ఇంగ్లండునందు వేఱుచేయబడిన అజాడిరక్టిన్ అను ద్రవ్యము పురుగుల ఆకలిని చంపి, అవి కుబుసము విడువకుండ చేయును. జీడిమామిడి గింజ పెంకునుండి దిగు, చర్మమును పొక్కించునంత ఘాటైన నల్లని నూనె చెదను బూజును గూడ నడ్డును. మన దేశపు తీరములందు జాలరులు పడవచెక్కలకు దానిని పూయుట పూర్వమునుండి కలదు.

అయినను ఈ రసములకొక లోపము కలదు: వేపసారము ఎండకు విఱిగిపోవును, వానకు కొట్టుకొనిపోవును. ఈ నిలుకడ చిక్కును కొయ్యను కాచు లవణముల విషయమున తీర్చినవాడు మన తెలుగువాడే. దెహ్రాదూను అటవీ పరిశోధన సంస్థలో సొంటి కామేశంగారు 1933లో రాగి, ఆర్సెనిక్ లవణములకు క్రోమియమును జతపఱచి, అవి కొయ్యలో నాటుకొని వానకు కరగకుండునట్లు చేసిరి. ఆ మందు ప్రపంచమంతట స్తంభములను నిలిపినది. కాని ఆర్సెనిక్ భయముచే 2003 చివరకు అమెరికాలో ఇండ్ల కొయ్యకు దాని వాడుక నిలిపివేయబడెను. విషము తగ్గిన రసములు మనకు కలవు. వానిని కొయ్యలో నాటు ఉపాయమే ఇంకను సాధింపవలసియున్నది.

అందాక వానకు తడియు కంచెగుంజకు వేపనూనెను నమ్మకుడు. ఇంటిలోని పెట్టెలకు, అటకలకు ఏటేట వేసవిలో పూయుడు. నూనెకంటె ముందు చూడవలసినది తడి: కొయ్యలో తేమ నూటికి 20 పాళ్లకు లోబడియున్నంతవఱకు కుళ్లుబూజు పట్టనేరదు. కొండపల్లిలో బొమ్మకు వాడు తెల్లపొణికి మిక్కిలి మెత్తని కొయ్య. అచ్చటి పనివాడు దానిని సన్నని సెగపై కాచి, చెమ్మ పోయిన తరువాతనే రంగుకుంచె పట్టును. మనమును ముందు కొయ్యను ఆఱనిచ్చి, పిదప నూనె గిన్నె చేతబట్టుదము.