ఏడుగురున్న ఇంటికి ట్రైబర్ సరిపోతదా?

ఈ రోజు వీడియో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు వాళ్ల కోసం.

మన ఇళ్లల్లో లెక్క ఎట్లుంటది? మొగుడు పెళ్లాం, ఇద్దరు పిల్లలు, అమ్మా నాయిన. అలంపూర్ జోగులాంబ దర్శనానికి బయలుదేరితే మేనత్త కూడా ఎక్కుతది. మొత్తం ఏడుగురు. అయిదు సీట్ల కారులో పిల్లల్ని ఒడిలో పెట్టుకుని పోతుంటాం. సడెన్ బ్రేక్ పడితే మాత్రం ఒడిలో ఉన్న బిడ్డను మన చేతులు ఆపలేవు. అందుకే మనిషికో సీటు, మనిషికో బెల్టు ఉండాల్సిందే.

తక్కువ బడ్జెట్‌లో కనిపించేది రెనో ట్రైబర్. 2019లో వచ్చింది. పొడవు 4 మీటర్ల లోపే, కాబట్టి గద్వాల పాత బజారు సందుల్లో తిప్పుకోవడం తేలికే. గ్రౌండ్ క్లియరెన్స్ 182 మిల్లీమీటర్లు, ఊరి రోడ్లకు చాలు. మధ్య సీటు ముందుకు వెనక్కి జరుగుతది.

ఇప్పుడు అసలు విషయం. ఏడుగురూ కూర్చుంటే డిక్కీలో మిగిలేది 84 లీటర్ల జాగా. అంటే రెండు చిన్న బ్యాగులు, అంతే! వెనక సీట్లు రెండూ పీకేస్తే అదే 625 లీటర్లవుతది. మార్కెట్ సామాన్లు, సంచులు హాయిగా పడతాయి. చివరి వరుస పిల్లలకే. మోకాళ్ల నొప్పులున్న నాయినను అక్కడ కూర్చోబెట్టకండి.

ఇంజిన్ 1 లీటర్ పెట్రోల్, 72 హార్స్‌పవర్, టర్బో లేదు. ఎర్రవల్లి చౌరస్తా నుంచి పెబ్బేరు దాకా హైవే మీద నలుగురితో ఇబ్బంది లేదు. ఏడుగురితో లారీని ఓవర్‌టేక్ చేయాలంటే ముందు చాలా ఖాళీ చూసుకోవాలి. మన్ననూర్ దాటి శ్రీశైలం ఘాట్‌లో గేరు తగ్గించి నిదానంగా పోవాలి.

సేఫ్టీ సంగతి. 2021లో గ్లోబల్ ఎన్‌క్యాప్ టెస్ట్‌లో పెద్దల రక్షణకు 4 స్టార్లు, పిల్లలకు 3 వచ్చాయి. 2025 జూలై మోడల్ నుంచి అన్ని వేరియంట్లలో 6 ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. సెకండ్ హ్యాండ్ కొంటుంటే ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోండి.

మరి ఎర్టిగా? పొడవు దాదాపు 4.4 మీటర్లు, 1.5 లీటర్ ఇంజిన్, ఏడుగురున్నా 209 లీటర్ల డిక్కీ, సీఎన్‌జీ కూడా ఉంది. కానీ 2025 సెప్టెంబర్ 22 నుంచి దాని మీద జీఎస్టీ 40 శాతం, ట్రైబర్ మీద 18 శాతమే.

నా మాట ఇదీ: రోజూ నలుగురు, పండక్కి ఏడుగురు అయితే ట్రైబర్ చాలు. నెలకు రెండుసార్లు ఏడుగురు లగేజీతో దూరం పోయేటట్టయితే ఇంకొన్ని రోజులు ఆగి ఎర్టిగా చూడండి.

షోరూమ్‌కు ఒక్కరే పోకండి. ఇంటిల్లిపాదీ పోయి, ఏడుగురూ ఎక్కి, అప్పుడు టెస్ట్ డ్రైవ్ చేయండి. ఈఎంఐ అయిదేళ్లు కట్టాల్సింది మనమే కదా!

మళ్లీ కలుద్దాం. బెల్టు పెట్టుకోండి, వెనక సీట్లో వాళ్లు కూడా!