ట్యాంక్‌బండ్: మాట కలిసే కట్ట

హైదరాబాదునూ సికింద్రాబాదునూ కలిపే ట్యాంక్‌బండ్ గురించి ఈ పూట ముచ్చటించుకుందాం. 1562 ప్రాంతంలో, ఇబ్రహీం కులీ కుతుబ్‌షా ఏలుబడిలో, హుస్సేన్‌సాగర్ నీళ్లు నిలపడానికి కట్టిన కట్ట ఇది. షికార్ల కోసం కట్టింది కాదు. అయినా ముక్కూ మొహం తెలియనివాళ్లు ఇంత తేలిగ్గా మాట కలుపుకునే చోటు ఈ మహానగరంలో నాకు మరొకటి కనిపించదు.

కారణం తెలియాలంటే ఒక సాయంత్రం విగ్రహాల దగ్గర కాసేపు నిలబడాలి. ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా కట్ట పొడవునా పెట్టించిన విగ్రహాలవి. మొల్ల, పోతన, క్షేత్రయ్య, మఖ్దూం, కాటన్ దొర. "నాన్నా, ఈ దొర మన దగ్గర ఎందుకున్నాడు?" అంటాడు ఒక పిల్లవాడు. తండ్రి తడుముకుంటాడు. పక్కన పల్లీలు తింటున్న పెద్దాయన అందుకుంటాడు: "మాది గోదావరి జిల్లా బాబూ. ధవళేశ్వరం ఆనకట్ట ఆయన కట్టించిందే." ఆ వెంటనే "మీదే ఊరండీ?" అన్న ప్రశ్న వచ్చేస్తుంది. నీళ్ల నడుమ నిలబడ్డ బుద్ధుడిదీ అదే మహిమ. 1990లో తరలిస్తుండగా ఆ విగ్రహం చెరువులో మునిగిపోయింది, మనుషుల ప్రాణాలూ పోయాయి. 1992లో పైకి తీసి నిలబెట్టారు. ఆ రోజులు చూసినవాళ్లు కొత్తవాళ్లు కనబడితే చెప్పకుండా ఉండలేరు.

ఇద్దరు అపరిచితులు మాట్లాడుకోవడానికి వాళ్లిద్దరూ చూసే మూడోది ఒకటి ఉండాలని, న్యూయార్క్ కూడళ్లలో కెమెరాలు పెట్టి ఏళ్ల తరబడి జనాన్ని గమనించిన విలియం వైట్ 1980లో తన పుస్తకంలో రాశాడు. జనం ఎక్కడ కూర్చుంటారని కూడా ఆయన వెతికితే, కూర్చునే వీలున్న చోటే కూర్చుంటారని తేలింది. వినడానికి చిన్న సంగతే. కానీ అరుగుల మీద ఎవరూ కూర్చోకుండా ఇనుప మేకులు దిగగొట్టిన భవనాలను కూడా ఆయన అక్కడ చూశాడు. 1975లో ఆ నగరం నిబంధనలు మార్చి, భవనాల ముందుండే అలాంటి ఖాళీ స్థలాల్లో ఇంత మేర కూర్చునే చోటు ఉండి తీరాలని పెట్టింది.

మన కట్ట మీద 2021లో ఆదివారం సాయంత్రాలు బండ్లు ఆపినప్పుడు రోడ్డు మొత్తం జనానిదే అయింది. హారన్ల మోత లేకపోతే గొంతు చించుకోనక్కర్లేదు, పిల్లల చెయ్యి గట్టిగా పట్టుకోనక్కర్లేదు. తీరిక దొరికిన మనిషి పక్కవాళ్లను చూస్తాడు. నా మట్టుకు నాకు, కట్ట మీది రంగురంగుల దీపాల కన్నా ఆ ఆదివారాలే ఎక్కువ విలువైనవి.

ఒక చోట ఆడవాళ్లు మరీ తక్కువగా కనిపిస్తే అక్కడ ఏదో లోపం ఉన్నట్టేనని వైట్ అన్నాడు. ఆ కొలత మనకూ పనికొస్తుంది. ఆడవాళ్లు పిల్లలతో వచ్చి నిశ్చింతగా కూర్చోవాలంటే శుభ్రమైన మరుగుదొడ్లు, తాగునీళ్లు, చీకటిపడ్డాక చాలినంత వెలుతురు కావాలి. అన్నిటికన్నా ముందు నాలాల మురుగు చెరువులో కలవకుండా ఆపాలి. గాలి మళ్లి ఆ కంపు కట్ట మీదికి వచ్చినప్పుడు, ఎంత మంచి కబుర్లలో ఉన్నవాళ్లయినా లేచి వెళ్లిపోతారు.