కడుపు కోత పిదప పథ్యము



నేను వైద్యుడను గాను. బెల్లంపల్లిలో పెక్కేండ్లు పిల్లలకు తెలుగును సంస్కృతమును చెప్పి విరమించినవాడను. ఐనను పథ్యమనునది ఒక మాట. ఆ మాట యర్థము చెడినందువలన రోగులకు కీడు కలుగుచున్నది. కావున దానిని గూర్చి నాలుగు సంగతులు మనవి చేసెదను.

పథము నుండి తొలగనిది పథ్యమని వ్యాకరణము చెప్పుచున్నది. అనగా దేహమును కోలుకొను త్రోవలో నిలుపునది. లోకమున నేడు పథ్యమనగా మానుట యైనది. పప్పు తిన్న కుట్లు చీము పట్టును, గుడ్డు వేడి చేయును, పెరుగు పడదు అని యొకటొకటిగా మాన్పించగా తుదకు గంజినీరే మిగులును.

నే నెరిగిన యింట నిట్లే జరిగినది. బొగ్గుగనిలో పనిచేసి విరమించిన యొక పెద్దాయనకు ప్రేగు కొంత కోసి కుట్టిరి. ఇంటికి వచ్చిన పిదప చుట్టముల మాట విని, నెల దినములు పలుచని గంజి మాత్రమే పోసిరి. ఆయన భార్య కన్నీటితోడనే పోసినది; ఆమె ప్రేమకు లోటు లేదు. కాని గాయము పూడలేదు, కాళ్లు వాచినవి, లేచి నిలుచు సత్తువ పోయినది. వైద్యుడు పరీక్షించి తిండిని మార్చెను. పెసరకట్టు, మెత్తని పప్పన్నము, పెరుగు, గుడ్డు క్రమముగా పెట్టగా కొన్ని వారములకు ఆయన తన వాకిట తాను నడువసాగెను.

దీనికి కారణము సులభముగా తెలియును. కోసిన చోట క్రొత్త కండ యల్లుకొనవలెను. దానికి మాంసకృత్తులు కావలెను. తిండి నుండి రానిచో దేహము తన కండనే కరిగించుకొనును. పెద్ద శస్త్రచికిత్స జరిగినవానికి బరువున కిలో యొక్కింటికి దినమునకు ఒకటిన్నర గ్రాముల మాంసకృత్తులు కావలెనని నేటి వైద్యుల లెక్క. ఏబది కిలోల మనిషికి 75 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు గలవు. గంజినీటిలో చెప్పదగినంత లేదు. అదిగాక ప్రేగు లోపలి పొర తన గుండ పోవు నాహారము నుండియే కొంత పోషణ పొందును. ఊరక యున్న ప్రేగు పొర పలుచబడును.

కడుపుజబ్బున ఆహారమే మందగుట మన తెలుగువారి చరిత్రలోనే కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, తిన్నది ఒంటబట్టని స్ప్రూ యను గ్రహణివంటి జబ్బుచే అన్నదమ్ములను పోగొట్టుకొనిరి. తామును దాని పాలబడి, ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సచే బ్రదికిరి. పిదప అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలలో వారి నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము తయారైనది. ఆకుకూరలలో నుండు ఈ విటమినే ఆ జబ్బునకు మందయినది.

ఇక క్రమమును గూర్చి. చరకసంహితలో సంసర్జనక్రమమను విధి గలదు. కోష్ఠశుద్ధి యైనవానికి మొదట పలుచని జావ, పిదప చిక్కని జావ, ఆపైన పెసలు మున్నగువాని కట్టు, తుదకు మాంసరసము. ఇది కుట్లు పడిన ప్రేగునకు చెప్పినది గాదు. దీనిని చూపి శస్త్రవైద్యుని మాట త్రోసివేయరాదు. అయినను ఇందు ప్రతి మెట్టును బలమైన యాహారము వైపునకే పోవుచున్నది. గంజి యొద్ద నిలిచిపోలేదు. డెన్మార్కు శస్త్రవైద్యుడు హెన్రిక్ కేలెట్ 1990ల దశకమున త్వరగా కోలుకొను పద్ధతిని ఏర్పరచినది మొదలు, పెక్కు శస్త్రచికిత్సలలో ఆనాడో మరునాడో ద్రవములు మొదలిడి, ఓర్చుకొన్న కొలది అన్నమునకు వచ్చుచున్నారు.

కోసిన చోటును బట్టి పథ్యము మారును. జీర్ణాశయము తీసినవారు దినమునకు ఆరుమార్లు కొంచెము కొంచెముగా తినవలెను. తీపి పానీయములు తగ్గింపవలెను. చిన్నప్రేగు చివరి భాగము పోయినవారికి బి12 విటమిను ఆహారమున అందదు గనుక సూదిమందుగా తీసికొనవలసియుండును. చిన్నప్రేగును పొట్టపైకి తెచ్చి సంచి కట్టినవారికి నీరును ఉప్పును వెలికి పోవును. మా వేసవి యెండలలో వారు ఉత్త నీరే త్రాగుచుండరాదు. వైద్యుడు చెప్పిన కొలతలో ఉప్పు చక్కెర కలిసిన ఓఆర్ఎస్ త్రాగవలెను. పిత్తకోశము తీసినవారు కొన్నాళ్లు నూనె తగ్గించిన చాలును. జన్మమంతయు చప్పిడి తిననక్కర లేదు. మూత్రపిండముల జబ్బుగాని చక్కెరజబ్బుగాని యున్నచో ఈ కొలతలు వేరగును. వాంతులు, పొట్ట ఉబ్బుట, జ్వరము కనబడిన తిండి ఆపి వెంటనే ఆసుపత్రికి పోవలెను.

తల్లులారా, అక్కలారా! రోగిని ఇంటికి తెచ్చుకొను నాడు వైద్యుని ‘ఏమి మానవలెను’ అని మాత్రమే యడిగి రాకుడు. ఏది, ఎంత, ఎన్నడు మొదలు పెట్టవలెనో అడుగుడు. ఆయన చెప్పినది కాగితముపై వ్రాయించుకొని వంటింటి గోడకు అంటించుడు. చుట్టములు వచ్చి పప్పు మాన్పుమన్న నాడు ఆ కాగితమును చూపుడు.